గోధుమ చచ్చిన ఏడాది



చరిత్ర అనగానే రాజులూ, యుద్ధాలూ, తారీఖులూ గుర్తుకొచ్చి మనలో చాలామందికి ఆవులింత వస్తుంది. ఆ తప్పు వినేవాళ్ళది కాదు, చెప్పేవాళ్ళదే. ఈవేళ మీకు ఒకే ఒక్క సంవత్సరం సంగతి చెబుతాను. అది 1709. దేశం ఫ్రాన్సు. ఇందులోనూ రాజున్నాడు, యుద్ధమూ వుంది. కాని కథంతా తిరిగేది వంటింటి చుట్టూనే. ఇవాళ రొట్టె ఎంత పలికింది, ఇంట్లో తినే నోళ్ళెన్ని, చేతిలో వున్న డబ్బెంత అన్న లెక్కే ఈ కథ.

ముందు ఆ రొట్టె సంగతి చెప్పాలి. మనకి రొట్టె అంటే జ్వరమొచ్చినవాళ్ళకి పాలల్లో ముంచి పెట్టేది, లేకపోతే పొద్దున్నే హడావిడిలో వెన్న రాసి పిల్లల చేతిలో పెట్టేది. ఆ రోజుల్లో ఫ్రాన్సులో సామాన్యుడికి రొట్టే అన్నం. చారులాంటిది కాచుకున్నా అందులో రొట్టె ముక్కలు వేసుకుని తినేవారు. ఒళ్ళొంచి పని చేసే మనిషికి రోజుకి కిలో రొట్టె దాకా కావలసివచ్చేది. బంగాళాదుంప అప్పటికింకా ఫ్రెంచి వంటిళ్ళలో అడుగుపెట్టలేదు. అది వాళ్ళ తిండిలో కలవడానికి ఆ శతాబ్దం చివరిదాకా ఆగాలి. అంచేత గోధుమ, రై వంటి ధాన్యం లేకపోతే ఇంకొకటి తిని బతుకుదామన్న వీలు లేదు.

పట్నంలో కూలినాలి చేసుకునేవాళ్ళ సంపాదనలో, మామూలు రోజుల్లోనే, సగం రొట్టెకి పోయేది. మనకి తెలిసేలా చెప్పుకుందాం. రోజుకి పది రూపాయలొస్తే అయిదు రొట్టెకి. మిగతా అయిదులో ఇంటద్దె, కట్టెలు, బట్టలు, ఉప్పు. ఉప్పుమీద కూడా పన్నుండేదండోయ్, అదీ మామూలు పన్ను కాదు. రొట్టె ధర రెట్టింపైతే పది రూపాయలూ దానికే సరి. మరి అయిదు రెట్లయితే? చేతిలో పదే, కావలసింది ఇరవై అయిదు. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి. 1709లో జరిగింది ఇదే.

జనవరి 6 క్రైస్తవులకి పండుగ. బాల ఏసుని చూడ్డానికి తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురు వచ్చిన రోజని చేసుకుంటారు. ఫ్రాన్సులో ముందురోజు రాత్రి ఒక కేకులో చిక్కుడు గింజలాంటిది దాచిపెట్టి ముక్కలు కోసి పంచేవారు. గింజ ఎవరి ముక్కలో వస్తే ఆ రాత్రికి వాళ్ళే రాజు. సరదా పండుగ. 1709లో ఆ రాత్రి, 5వ తేదీ, అంతవరకూ వానగా వున్న వాతావరణం వున్నట్టుండి మారిపోయింది. గడియల్లో నేలంతా బిగుసుకుపోయింది. ఆ చలి రెండు వారాలు దాటినా వదల్లేదు. పారిస్‌లో సున్నాకి ఇరవై డిగ్రీల దిగువకి పోయిందని లెక్క. అంటే మన ఫ్రిజ్జులో పైన ఐసు కట్టే అర ఎంత చల్లగా వుంటుందో, వీధి వీధంతా అంత చల్లగా వుందన్నమాట. అప్పటికే పారిస్ వేధశాలలో లా ఇర్ అనే శాస్త్రజ్ఞుడు థర్మామీటరు చూసి రాసుకునేవాడు. మోరాన్ అనే వైద్యుడైతే ఏళ్ళ తరబడి రోజూ వాతావరణం డైరీలో రాసుకున్నాడు. అలాంటివాళ్ళ పుణ్యాన మనకి ఈ సంగతులు తెలుస్తున్నాయి. గత 500 ఏళ్ళలో యూరపులో అంత చలికాలం మరొకటి రాలేదని ఈనాటి శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. సూర్యుడిమీద మచ్చలు తగ్గిన కాలమనీ, అంతకుముందు ఏడాది రెండేళ్ళలో అగ్నిపర్వతాలు పేలాయనీ కారణాలు చెబుతారు. తూర్పునుంచి, రష్యా వైపునుంచి వీచిన గాలి అంటారు. ఇదీ అని ఒక్కమాటలో తేల్చిన కారణం లేదు.

సేన్ నది గడ్డకట్టింది. దక్షిణాన రోన్, పడమట గరోన్ నదులూ అంతే. సముద్రం ఒడ్డున నీళ్ళు కూడా పేరుకుపోయాయి. అడవిలో చెట్లు తుపాకీ పేలినట్టు చప్పుడు చేస్తూ నిలువునా చీలిపోయాయట. పారిస్‌కి ధాన్యం, కట్టెలు ఎక్కువగా పడవలమీదే వచ్చేవి. నది గడ్డకడితే పడవ కదలదు. నీటి మరలు తిరగవు కనక ఇంట్లో గోధుమలున్నా పిండి కాదు. నాటకశాలలు మూసేశారు, కోర్టులూ ఆగిపోయాయి.

వెర్సాయి రాజభవనం పేరు మీరు వినే వుంటారు. పద్నాలుగో లూయీ కట్టించుకున్న మహాసౌధం. అద్దాల మండపాలూ, ఎత్తయిన గదులూ చూడ్డానికి అందమే కాని వెచ్చగా వుంచడం ఎవరి తరం? రాజుగారి తమ్ముడి భార్య ఎలిజబెత్ షార్లెట్ అని ఒకావిడ వుండేది. జర్మనీ ఆడపడుచు. భర్త పోయాడు. కోటలో ఎవరితోనూ అంతగా పొసగక రోజూ పుట్టింటివైపు చుట్టాలకి పెద్ద పెద్ద ఉత్తరాలు రాసేది. ఆ చలిలో కూడా రాసింది. ఎదురుగా భగభగ మంట, మెడకి బొచ్చు తోలు, కాళ్ళు రెండూ ఎలుగుబంటి తోలు సంచిలో పెట్టుకుని కూర్చున్నా కలం పట్టుకోలేకపోతున్నానని రాసింది. సీసాల్లో వైను గడ్డకడుతోందని కూడా రాసింది. సాన్ సిమోన్ అనే ప్రభువు తన జ్ఞాపకాల్లో ఇంకొకటి చెబుతాడు. బీరువాల్లో పెట్టిన అత్తరు సీసాలూ మందు సీసాలూ పగిలిపోయాయట. ఒక విందులో పక్కగదిలోంచి తెచ్చి పోసిన వైనుతో పాటు గ్లాసుల్లో ఐసు ముక్కలు పడ్డాయట.

గొప్పవాళ్ళ చలి అలా వుంది. రాసుకునే తీరిక వాళ్ళకే వుంది కనక వాళ్ళ చలి మనకి బాగా తెలుసు. బీదవాళ్ళ చలి చర్చి పుస్తకాల్లో వుంది, ఖననం చేసినవాళ్ళ పేర్ల వరసల్లో. దారిలో బిగుసుకుపోయిన బాటసారులు, కొట్టాల్లో చచ్చిపోయిన పశువులు, కట్టెలు కొనలేక గదిలోనే ప్రాణం పోయిన ముసలివాళ్ళు.

అయినా, ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడాది చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమందిని చంపింది జనవరి చలి కాదు. చలి చేసిన అసలు ద్రోహం పొలంలో జరిగింది, అదీ కంటికి కనపడకుండా.

ఆ దేశంలో గోధుమ విత్తేది చలికాలానికి ముందు. మొలకెత్తిన పైరుమీద మంచు పడుతుంది. వింతగా వుంటుంది కాని ఆ మంచు పైరుకి దుప్పటిలాంటిది. ఎంత చలి వేసినా అడుగున వేళ్ళు బతికే వుంటాయి. జనవరి నెలాఖరుకి చలి కాస్త విరిగింది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నారు జనం. మంచు కరిగింది, నేల నీళ్ళతో నానింది, దుప్పటి పోయింది. ఫిబ్రవరిలో చలి మళ్ళీ వచ్చి పడింది. నానిన నేల గడ్డకట్టి ఉబ్బేసరికి, పైన కప్పు లేని మొలకలు వేళ్ళతో సహా తెగి చచ్చిపోయాయి. ద్రాక్ష తీగలు మాడిపోయాయి. దక్షిణాన ఆలివ్ చెట్లు, చెస్ట్‌నట్ చెట్లు, అక్రోటు చెట్లు ఎండిపోయాయి. కొండ ప్రాంతాల బీదవాళ్ళు చెస్ట్‌నట్ గింజల్ని పిండి చేసుకుని తినేవారు. వాళ్ళకది రొట్టె చెట్టు. అదీ పోయింది.

మార్చి దాటింది. పొలాలవైపు చూస్తే పచ్చదనం లేదు. 1708లో పంట కూడా అంతంతమాత్రమే, గాదెల్లో నిలవ తక్కువ. ఇంకేముంది, ధర లేచింది. వారం వారం సంతకి వెళ్ళిన ఆడవాళ్ళకి వారం వారం కొత్త ధర. వేసవికల్లా పారిస్‌లో గోధుమ ధర అంతకుముందు ఏడాదికి అయిదారు రెట్లు పైబడింది. ఇందాకటి లెక్క గుర్తుందిగా.

ఆ లెక్కలో పడిన ఇంట్లో ఏం జరుగుతుందో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు మంచి బట్టలు అమ్ముతారు. తరవాత పరుపు, తరవాత వంట గిన్నె. పనిమనుషుల్ని మానిపించేస్తారు, దాంతో ఇంకొక ఇంట్లో సంపాదన పోతుంది. రొట్టెకే డబ్బు చాలనప్పుడు బట్ట ఎవరు కొంటారు? అంచేత నేతగాళ్ళకి పని పోయింది. అంటే ధర పెరిగిన సమయానికే కూలి కూడా పడిపోయిందన్నమాట. పల్లెల్లో ఫెర్ను మొక్కల వేళ్ళు దంచి పిండిలో కలిపారు. గడ్డి పీక్కుని ఉడికించుకు తిన్నారు. పారిస్‌లో అనాథ శిశువుల ఆశ్రమానికి చేరే పిల్లల సంఖ్య ఆ ఏడాది బాగా పెరిగింది. వాళ్ళందరూ తల్లి లేని పిల్లలు కారు. తల్లి వుండీ, పాలు లేక వదిలేసిన పిల్లలు ఎందరో.

ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చుందని అనడానికి లేదు. ఏప్రిల్‌లో ఒక ఆజ్ఞ వచ్చింది. ఎవరి దగ్గర ఎంత ధాన్యం వుందో ప్రతివాళ్ళూ లెక్క చెప్పాలి, దాస్తే కఠిన శిక్ష. పారిస్‌లో కలిగినవాళ్ళ దగ్గర చందా వసూలు చేసి బీదల్ని పోషించాలన్నారు. తెల్ల రొట్టె చేయకూడదు, తవుడు కలిసిన ముతక రకాలే చేయాలని రొట్టెలవాళ్ళకి ఆంక్ష పెట్టారు. రాజుగారు రహస్యంగా పెళ్ళాడిన మేదం ద మాంత్నోన్ కూడా ఓట్ల పిండి రొట్టె తిన్నదని చెబుతారు. ధాన్యం వెతికి తేవడానికి ద లామార్ అనే పోలీసు అధికారిని పల్లెలమీదికి పంపారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. పారిస్‌లో 5 లక్షల జనం. వాళ్ళకి తిండి పెట్టకపోతే రాజ్యం నిలవదు. అందుకని పల్లెల్లోంచి బళ్ళమీద ధాన్యం తరలించేవారు. ఆ బండి వెళ్ళేది ఆకలితో వున్న వూళ్ళ మీదుగానే. అలాంటిచోట్ల ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డం పడ్డారు. బళ్ళు ఆపారు, బస్తాలు దింపారు. మా వూళ్ళో పండిన గింజ మా పిల్లలు చూస్తుండగా వూరు దాటిపోతుందా అన్నది వాళ్ళ ప్రశ్న. పట్నంలోనూ పిల్లలే కదా అన్నది అధికారుల జవాబు. రెండింటిలో ఏది తప్పనగలం? నన్నడిగితే, కుండలో గంజి సరిపోనప్పుడు ఎవరి గిన్నెలో ముందు పోయాలన్న తగువు అది. గంజి ఎందుకు తగ్గిందన్న ప్రశ్న మాత్రం రాజుని అడగాలి. ఎందుకంటే ఆ సమయానికి ఫ్రాన్సు సగం యూరపుతో యుద్ధంలో వుంది. రాజుగారి మనవడు స్పెయిన్ సింహాసనం ఎక్కినందుకు వచ్చిన యుద్ధం. 1701లో మొదలైంది, 1714 దాకా సాగింది. సైన్యానికి రొట్టె ముందు, తరవాతే ఎవరికైనా. ఆకలికి తాళలేక కుర్రాళ్ళు సైన్యంలో చేరారంటే ఆశ్చర్యమేముంది? అక్కడైతే తిండి దొరుకుతుంది.

అడగడానికి ఆడవాళ్ళు వెళ్ళారు కూడా. పారిస్‌లో లే ఆల్ అని పెద్ద మార్కెట్టు వుండేది. అక్కడి ఆడవాళ్ళు గుంపుగా కలిసి, రాజునే రొట్టె అడుగుతామని కాలినడకన వెర్సాయికి బయలుదేరారు. దారిలో సెవ్ర్ వంతెన దగ్గర సైనికులు ఆపి వెనక్కి పంపేశారు. 80 ఏళ్ళ తరవాత, 1789 అక్టోబరులో, పారిస్ ఆడవాళ్ళు మళ్ళీ ఇదే దారిన బయలుదేరి వెర్సాయి చేరుకున్నారు, అప్పటి రాజుని కుటుంబంతో సహా పారిస్‌కి తీసుకొచ్చారు. ఆ రెండో సంగతి ప్రతి పుస్తకంలోనూ వుంటుంది. మొదటి గుంపు గురించి ఎవరూ చెప్పరు.

యువరాజు సంగతి ఇంకా చిత్రం. ఆయనకి సంగీత నాటకాలంటే ఇష్టం. నాటకానికని పారిస్ వస్తే ఆడవాళ్ళు బండిని చుట్టుముట్టి రొట్టె రొట్టె అని అరిచారు. డబ్బులు వెదజల్లి ఎలాగో బయటపడ్డాడు. తరవాత ఆ పట్నంవైపు రావడానికే జంకాడట.

ఆగస్టు 20న జరిగిన గొడవ మాత్రం ఒకే ఒక్క మనిషి నోటినుంచి మొదలైంది. పని లేనివాళ్ళకి పని చూపించాలని పారిస్‌లో సేన్ దెనీ, సేన్ మార్తాన్ ద్వారాల మధ్య వున్న ఒక మట్టిదిబ్బని తవ్వించి చదును చేయిస్తున్నారు. కూలి కింద ఇచ్చేది రొట్టె. అదీ చెడ్డది, కొంచెమే. ఆరోజు పొద్దున్న అదికూడా అందరికీ చాలలేదు. ఒక స్త్రీ గట్టిగా అరిచింది. నోరు ముయ్యమని భటులు బెదిరించారు. ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది. పట్టుకెళ్ళి దగ్గరలో వున్న శిక్షల స్తంభానికి, మెడకి ఇనప పట్టా వేసి బిగించారు. అంతే, దిబ్బ తవ్వుతున్న జనమంతా పనిముట్లతో వచ్చి పడ్డారు. స్తంభాన్ని పెళ్ళగించేశారు. వీధులమ్మట పరుగెత్తి రొట్టెల దుకాణాలు దోచుకున్నారు. సైనికులొచ్చారు, తుపాకులు పేలాయి. చివరికి మార్షల్ బూఫ్లేర్ అనే ముసలి సేనాధిపతి బండి దిగి, జనంలోకి నడిచి వెళ్ళి, మీ బాధ రాజుగారికి చెబుతాను, రొట్టె వస్తుందని మాటిచ్చి సద్దుమణిగేలా చేశాడు. ఈ కథంతా చెప్పిన సాన్ సిమోన్ రాజభవనంలో ఎవరు ఎవరికంటే ముందు నడవాలన్నదానిమీద పేజీలకి పేజీలు రాసిన మనిషి. కాని ఆ స్త్రీ పేరు రాయలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించి వుండదు.

రాజు ఏం చేశాడంటారా? రెండు పనులు చేశాడు. శత్రువులు శాంతికి పెట్టిన షరతుల్లో ఒకటి, నీ మనవణ్ణి నువ్వే సింహాసనం దింపాలన్నది. దానికి ఆయన ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకోలేదో జూన్ 12న ఒక ఉత్తరం రాసి, దేశమంతటా జనానికి తెలిసేలా పంపించాడు. నేను చెప్పిందే శాసనం అన్న ధోరణిలో యాభై ఏళ్ళు ఏలిన రాజు ప్రజలకి సంజాయిషీ చెప్పుకున్నాడంటే ఆ ఏడాది ఎలాంటిదో ఊహించుకోండి. రెండోది, తన బంగారు కంచాలూ గిన్నెలూ కరిగించి నాణాలు చేయమని టంకసాలకి పంపాడు. రాజు పంపాక ప్రభువులు వూరుకోకూడదు కదా, వాళ్ళూ తమ వెండి సామాను పంపారు. బదులుగా పింగాణీ గిన్నెలకోసం ఎగబడేసరికి దుకాణాలు వారంలో ఖాళీ. సాన్ సిమోన్ గారు అందరూ పంపేదాకా చూసి, ఇక తప్పదనుకుని కొంత పంపి, మిగతా వెండి జాగ్రత్తగా తాళం వేసి దాచుకున్నానని తనే రాసుకున్నాడు. మన ఇళ్ళల్లో వెండి చెంబుల సంగతి తెలిసినవాళ్ళకి ఆయనమీద కోపం రాదు, నవ్వొస్తుంది. వచ్చిన సొమ్ము యుద్ధం ఖర్చుకి ఏ మూలకీ చాలలేదు. సెప్టెంబరు 11న మల్‌ప్లాకె అనేచోట భయంకరమైన పోరాటం జరిగింది. రెండువైపులా వేలమంది చచ్చారు. యుద్ధం తేలలేదు.

ఇంతకీ దేశాన్ని కొంతైనా గట్టెక్కించింది వెండీ కాదు, ఆజ్ఞలూ కాదు. బార్లీ.

వేసవి చొరబడే ముందు కొందరు రైతులు పొలంలోకి వెళ్ళి మొక్క పీకి చూశారు. వేరు నల్లబడిపోయి వుంది. ఇక ఈ గోధుమ లేవదని తెలుసుకుని, ఆ పొలాలే మళ్ళీ దున్ని బార్లీ చల్లారు. బార్లీ వసంతంలో విత్తినా ఆ వేసవికే చేతికొస్తుంది. తెలివైన పని కదా? అధికారులు మాత్రం వద్దన్నారు! గోధుమ మళ్ళీ చిగురిస్తుందేమో, దున్నేస్తే వున్నదీ పోతుందని వాళ్ళ భయం. దున్నవద్దని కట్టడి పెట్టి, తరవాత పొరపాటు తెలిసి పశ్చాత్తాపపడ్డారు. కట్టడిని లెక్కచేయకుండా చల్లినవాళ్ళూ, అనుమతి వచ్చాక తొందరపడినవాళ్ళూ బాగుపడ్డారు. ఆ వేసవి బార్లీ విరగపండింది. మాటవిని గోధుమకోసం ఎదురుచూసినవాళ్ళ పొలం బీడుగానే మిగిలింది. విత్తనానికి డబ్బులేక బార్లీ చల్లలేకపోయినవాళ్ళూ వున్నారనుకోండి. బార్లీ విత్తనం ధర కూడా ఆకాశంలోనే వుంది మరి.

బార్లీ పిండితో రొట్టె సరిగా పొంగదు. గట్టిగా, బరువుగా వుంటుంది. మామూలు రోజుల్లో దాన్ని పశువులకి పెట్టేవారు. ఆ శరత్కాలంలో పారిస్ ఆడవాళ్ళు దానికోసం బారులు తీరి నిలబడ్డారు.

అయినా 1709, 1710 రెండేళ్ళలోనూ మామూలుగా పోయేవాళ్ళు కాక అదనంగా 6 లక్షల మంది దాకా పోయారని జనాభా లెక్కలు కట్టినవాళ్ళు చెబుతారు. దేశ జనాభా అప్పటికి 2 కోట్లు దాటి కొంచెం. అచ్చంగా ఆకలితో పోయినవాళ్ళు తక్కువే. ఆకలికి చిక్కిన ఒంటికి జ్వరాలూ రక్తవిరేచనాలూ పట్టుకుని పోయినవాళ్ళే ఎక్కువ. పదిహేనేళ్ళ ముందు, 1693, 94లలో వచ్చిన కరువులో ఇంతకి రెట్టింపు మంది పోయారు. అంటే 1709లో ముప్పై దాటిన ప్రతి ఆడదానికీ ఇది కనీసం రెండో కరువు. రొట్టె ధర కదిలిందనగానే వాళ్ళు వీధిలోకి ఎందుకొచ్చారో దీన్నిబట్టి తెలుస్తుంది. ధర తరవాత ఏమొస్తుందో వాళ్ళు చూసి వున్నారు.

1710లో ధర దిగింది. ఎండిపోయిన ఆలివ్ చెట్లని మొదలంటా నరికేస్తే కొన్నిటికి వేళ్ళలోంచి పిలకలు లేచాయి. అవి కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. చర్చి పుస్తకాల్లో ఖననాల పేజీలు తగ్గి, పెళ్ళిళ్ళ పేజీలు పెరిగాయి. కరువులో వాయిదా వేసుకున్న పెళ్ళిళ్ళు కొన్ని. మిగతావి భార్య పోయినవాళ్ళూ, భర్త పోయినవాళ్ళూ, చెరి ఇద్దరు ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని చేసుకున్నవి.